పొద్దెక్కక ముందే పాస్ దాటాలి: గ్లేసియర్, ఎల్లోస్టోన్, టీటన్ పార్కుల్లో సైకిలు

అమెరికా పడమటి నేషనల్ పార్కులను ఎండాకాలంలో సైకిలు మీద చూడాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది రోజుకు ఎన్ని మైళ్లు తొక్కగలమని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది పొద్దున ఎన్నింటికి రోడ్డెక్కుతాం, ఎన్నింటికి దిగిపోతాం అన్నది. ఈ రోడ్లు ఇరుకు. చాలాచోట్ల తెల్లగీత దాటితే మార్జిన్ అనేదే ఉండదు. జూలైలో పొద్దున పది దాటిందంటే అద్దె ఆర్వీలు (లోపలే పడుకుని వండుకునే ఇళ్ల లాంటి పెద్ద బండ్లు), ట్రైలర్లు లాగే ట్రక్కులు వరస కడతాయి. అదే రోడ్డు ఆరింటికి దాదాపు ఖాళీగా ఉంటుంది. ఎల్కులనే పెద్ద దుప్పులూ, అడవిదున్నల్లాంటి బైసన్లూ రోడ్డు పక్కకు వచ్చేదీ, గాలి నెమ్మదిగా ఉండేదీ కూడా ఆ వేళలోనే. మైళ్లు తగ్గించుకున్నా ఫరవాలేదు, తెల్లవారుజామును మాత్రం వదులుకోకండి.

ఇక్కడ చెప్పేది ఉత్తరాన గ్లేసియర్ నుంచి దక్షిణాన గ్రాండ్ టీటన్ దాకా వెళ్లే దారి గురించి. గ్లేసియర్‌కూ ఎల్లోస్టోన్‌కూ మధ్య మోంటానా మీదుగా దాదాపు 400 మైళ్లు. ఎల్లోస్టోన్, టీటన్ పక్కపక్కనే ఉంటాయి.

గ్లేసియర్‌లో అందరూ వెళ్లేది గోయింగ్ టు ద సన్ రోడ్డుకే. 1932లో పూర్తయిన ఈ 50 మైళ్ల రోడ్డు లోగన్ పాస్ అనే కనుమ దగ్గర 6,646 అడుగుల ఎత్తుకు, అంటే 2,026 మీటర్లకు చేరుతుంది. పడమట లేక్ మెక్‌డొనాల్డ్ ఒడ్డు నుంచి లెక్కేస్తే వెయ్యి మీటర్ల పైచిలుకు ఎక్కాలి. అయితే ఆ ఎత్తంతా చివర్లోనే ఉంటుంది. అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ దాకా చెరువు పక్కన, వాగు పక్కన దాదాపు సమంగా పోతుంది. అసలు ఎక్కుడు ఆ తర్వాత మొదలై, సుమారు 6 శాతం వాలుతో పాస్ దాకా ఆగకుండా సాగుతుంది. వాలు ఒక్కసారిగా పెరిగే చోట్లు పెద్దగా లేవు. కాళ్ల బలం కంటే ఓపికతో ఎక్కాల్సిన రోడ్డు ఇది.

ఇక్కడ సైకిళ్లకు ప్రత్యేకంగా వేళల నిబంధన ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు రెండు ముక్కల్లో సైకిలు తొక్కకూడదు. ఒకటి, లేక్ మెక్‌డొనాల్డ్ కింది చివర ఉన్న యాప్‌గార్ మలుపు నుంచి స్ప్రేగ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ దాకా, రెండు దిక్కులా. రెండోది, లోగన్ క్రీక్ నుంచి లోగన్ పాస్ దాకా, పైకి ఎక్కేవాళ్లకు మాత్రమే. స్ప్రేగ్ క్రీక్ నుంచి లోగన్ క్రీక్‌కు ముప్పావుగంట, అక్కడి నుంచి పాస్‌కు మూడు గంటలు పడుతుందని పార్కు వాళ్ల అంచనా. సామాను బాగా ఉంటే దీనికి ఇంకో గంట కలుపుకోండి. అంటే స్ప్రేగ్ క్రీక్‌లో రాత్రి పడుకున్నవాళ్లు కూడా ఆరింటికల్లా పెడల్ మీద కాలు పెట్టాలి. ఏడు దాటాక బయల్దేరితే పదకొండింటికి పాస్ అందకుండా ఎక్కడో కొండగోడ పక్కన ఉంటారు. యాప్‌గార్‌లో పడుకుంటే ఇంకో గంట ముందు లేవాలి. అందుకే ముందు రోజు సాయంత్రమే స్ప్రేగ్ క్రీక్‌కో అవలాంచ్‌కో జరిగిపోవడం మంచిది. జూలై మొదట్లో అక్కడ ఐదున్నర దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి చీకట్లో తొక్కాల్సిన పని పడదు.

పాస్ ఎక్కి తిరిగి పడమటికే దిగేవాళ్లు మొదటి ముక్క సంగతి మరిచిపోతుంటారు. దిగేవాళ్లకు పై భాగంలో నిబంధన లేదు. కానీ చెరువు పక్క ముక్కకు వచ్చేసరికి పదకొండు దాటితే స్ప్రేగ్ క్రీక్‌లో నాలుగు దాకా ఆగిపోవాల్సిందే. పాస్ నుంచి యాప్‌గార్ ముప్పై మైళ్ల పైనే. తొమ్మిది లోపు దిగడం మొదలుపెట్టలేకపోతే, మధ్యాహ్నం చెరువు ఒడ్డున గడపడానికి సిద్ధపడి తీరిగ్గా దిగండి.

సాయంత్రం ఎక్కడం ఇంకో పద్ధతి. నాలుగింటికి లోగన్ క్రీక్ దాటితే ఏడు, ఏడున్నరకు పాస్ చేరతారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. రద్దీ తగ్గుతుంది, సాయంత్రపు వెలుగు లోయ మీద బ్రహ్మాండంగా పడుతుంది. చిక్కల్లా మధ్యాహ్నం తర్వాత వచ్చే ఉరుములు, మెరుపులతోనే. ఆకాశంలో మబ్బులు గోపురాల్లా లేస్తుంటే ఆ రోజుకు ఆ ఆలోచన మానుకోండి. పాస్ దగ్గర చెట్టు నీడ కూడా ఉండదు.

పడమటి నుంచి ఎక్కేటప్పుడు లూప్ అనే పెద్ద మలుపు దాటాక లోయ మీ కుడి పక్కన ఉంటుంది. అంటే మీరు తొక్కేది అంచు వైపే. మధ్యలో అడ్డుగా ఉండేది పొట్టి రాతి గోడ ఒక్కటే. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు తూర్పున సెయింట్ మేరీ నుంచి ఎక్కడం మేలు. అటు 18 మైళ్లలో 650 మీటర్లే ఎక్కాలి, వేళల నిబంధన లేదు, పాస్ దాటి పడమటికి దిగేటప్పుడు కొండగోడ పక్కన దిగుతారు. కాకపోతే సెయింట్ మేరీ చెరువు వెంట పాస్ మీంచి దూసుకొచ్చే ఎదురుగాలి ఒక్కోసారి నిలవనివ్వదు.

అవలాంచ్‌కూ తూర్పు వైపున్న రైజింగ్ సన్‌కూ మధ్య 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండ్లను రానివ్వరు. పెద్ద ఆర్వీల బెడద ఇక్కడ లేకపోవడం సైకిలువాళ్ల అదృష్టం. ఒకరి వెనక ఒకరుగానే తొక్కాలి. వెనక నాలుగు బండ్లు చేరితే పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. సొరంగాల్లోకి పోయే ముందు వెనక ఎర్ర లైటు వెలిగించి, నల్ల కళ్లద్దాలు తీసేయండి. వీపింగ్ వాల్ దగ్గర సీజను మొదట్లో కొండ మీది మంచు కరిగి నీళ్లు నేరుగా గోడ పక్క లేన్ మీద పడతాయి. దిగేవాళ్ల బ్రేకులు తడిసేది అక్కడే. నీళ్లు పోయే ఇనుప జల్లెళ్ల మీద, రాలిన రాళ్ల మీద కన్నేసి ఉంచండి. పాస్ చుట్టుపక్కల కొండమేకలు, పెద్దకొమ్ముల గొర్రెలు రోడ్డు మీదే తిరుగుతాయి కాబట్టి, దిగుడులో చూపు అందే దూరంలో ఆగగలిగే వేగాన్ని మించవద్దు.

పాస్ మీద నీళ్లు దొరుకుతాయి, తిండి అమ్మరు. అవలాంచ్ నుంచి పాస్ దాకా కుళాయి లేదు. ఎక్కేటప్పుడు గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు లెక్కన రెండున్నర లీటర్లు పెట్టుకోండి. వాగునీళ్లు పట్టుకుంటే 0.1 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టే తాగాలి. అద్దంలా కనిపించే నీళ్లలోనూ జియార్డియా అనే విరేచనాలు తెచ్చే క్రిమి ఉంటుంది. వచ్చిందంటే యాత్ర అక్కడితో ఆగుతుంది.

ఇప్పుడు గేర్లు. ఎక్కువమంది మోకాళ్లు పాడు చేసుకునేది ఇక్కడే. మనిషి, సైకిలు, సామాను కలిపి 95 కిలోలు అనుకుందాం. 6 శాతం ఎక్కుడులో గంటకు ఆరున్నర కిలోమీటర్ల వేగానికి కొండ ఎక్కడానికే సుమారు 100 వాట్లు కావాలి, టైరు రాపిడికి ఇంకో పది. మామూలుగా తొక్కేవాళ్లు మూడు గంటలపాటు ఇవ్వగలిగింది అంతే. ముందు, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రంలో 30 పళ్లు, వెనక దాంట్లో 36 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిలు 1.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లతో హాయిగా ఆ వేగం వస్తుంది. అదే రోడ్డు సైకిలుకు ఉండే 34, 28 జత అయితే చుట్టుకు 2.6 మీటర్లు. అదే వేగంలో చుట్లు 41కి పడిపోతాయి. ప్రతి తొక్కుకూ బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. మొదటి రోజు ఏమీ తెలియదు, మూడో రోజు మెట్లు దిగలేరు. సామానుతో వెళ్లేవాళ్లకు వెనక పళ్లు ముందు పళ్ల కంటే ఎక్కువ ఉండి తీరాలి. వెనక గేరు మార్చే యంత్రం అంత పెద్ద పళ్ల చక్రాన్ని తట్టుకుంటుందో లేదో బయల్దేరే ముందే చూసుకుని, పొడవు సరిపోయే కొత్త గొలుసు వేసుకోండి.

టైర్లు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి బాగుంటాయి. సన్న టైర్లకు గాలి తగ్గితే గతుకుల్లో ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. మోంటానా పశువుల దారుల్లో రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుప పట్టీల క్యాటిల్ గార్డులు వస్తాయి. వాటిని తిన్నగా దాటండి, వంకరగా పోతే చక్రం జారుతుంది. వర్షంలో అయితే దిగి నడిపించండి. బరువు మోసే సైకిలుకు ముందుగా తెగేది వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకు. ఆ వైపు సరిపోయే పొడవున్నవి మూడు, వెనక గేర్ల చక్రం విప్పే చిన్న సాధనం సంచిలో ఉంచుకోండి. సైకిలు దుకాణం రెండు రోజుల దూరంలో ఉన్నచోట ఆ మూడు తీగలే ఆదుకుంటాయి. రిమ్ బ్రేకులు అయితే పొడవాటి దిగుడులో ఒకటే పనిగా నొక్కి పట్టుకోకండి. రిమ్ము కాగి ట్యూబు పేలుతుంది. గట్టిగా నొక్కి వదలడం, మధ్యలో ఆగి చల్లార్చడం పద్ధతి.

ఎల్లోస్టోన్ సంగతి వేరు. ఎక్కుళ్లు గ్లేసియర్ అంత పొడవు కావు గానీ పార్కంతా ఎత్తులోనే ఉంది. ఎల్లోస్టోన్ చెరువే 2,357 మీటర్ల ఎత్తున ఉంటుంది. క్రెయిగ్ పాస్ 2,518 మీటర్లు, డన్‌రావెన్ పాస్ 2,700. మొదటి రెండు రోజులు ఊపిరి అందదు, నిద్ర సరిగా పట్టదు. జూలైలోనూ రాత్రిళ్లు సున్నా దరిదాపులకు పడిపోతుంది, పగలు కింద లోయల్లో 30 దాటుతుంది. సున్నా డిగ్రీలకు సరిపోయే స్లీపింగ్ బ్యాగు, వేళ్లన్నీ కప్పే గ్లవుజులు ఎండాకాలం కదా అని వదిలేయకండి.

పార్కు లోపలి గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్లు. దాన్ని మొత్తం చుట్టాలనే పంతం అక్కర్లేదు. పడమటి గేటు నుంచి మాడిసన్‌కు 14 మైళ్లు, అక్కడి నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు 16, ఆపైన క్రెయిగ్ పాస్ మీదుగా వెస్ట్ థంబ్‌కు 17. ఈ దారిలోనే ఐసా లేక్ వస్తుంది. అందులో కలువలు పూస్తాయి, దాని నీళ్లు రెండు మహాసముద్రాలకూ పోతాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ (గీజరు) సగటున గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది. ప్రతిసారీ అది అయిపోగానే పార్కింగ్ మొత్తం ఒక్కసారిగా రోడ్డు మీద పడుతుంది. చూసిన వెంటనే బయల్దేరకుండా అరగంట కూర్చుని వెళ్తే ఆ అలంతా మీకంటే ముందు పోతుంది. దగ్గర్లోని లోన్ స్టార్ గీజరుకు పాత రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లొచ్చు. రెండున్నర మైళ్ల లోపే, కార్లు రావు, సుమారు మూడు గంటలకోసారి ఎగజిమ్ముతుంది. నన్నడిగితే ఎల్లోస్టోన్‌లో సైకిలువాళ్లకు దక్కే అసలైన గంటలు అవే. చెక్క వంతెనల మీదికి, మామూలు కాలిబాటల మీదికి మాత్రం సైకిలు తేకూడదు. వేడినీటి బుగ్గల దగ్గర రోడ్డు దిగి పక్కకు నడవనూ కూడదు. పై పొర పలచన, కింద మరిగే నీళ్లు.

ఎడమ హ్యాండిలుకు చిన్న అద్దం బిగించుకోండి, ఇక్కడ హెల్మెట్టు తర్వాత అంత ముఖ్యమైనది ఇదే. ఆర్వీల అద్దాలు బండి పక్కలకు పొడుచుకుని, మన భుజం ఎత్తున వస్తాయి. నడిపే చాలామందికి ఆ బండి వెడల్పు అలవాటు ఉండదు. వెనక నుంచి పెద్దది, ఎదురుగా ఇంకోటి ఒకేసారి వస్తుంటే, ముగ్గురికీ చోటు లేదని ముందే తెలుసుకుని రోడ్డు దిగిపోవడానికి అద్దం ఒక్కటే దారి.

బైసన్లు రోడ్డు మీద నిలబడితే ఆగిపోవడమే. నిబంధన ప్రకారం బైసన్, ఎల్క్ వంటివాటికి 25 గజాలు, ఎలుగులకు, తోడేళ్లకు 100 గజాల దూరం పాటించాలి. కార్లో ఉన్నవాళ్లు పక్కనుంచి మెల్లగా పోతారు, మనకు ఆ రేకు గోడ లేదు. మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తుతుంది. తోక పైకి లేపిందంటే కోపం వచ్చిందని. జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా జతకట్టే కాలం, మగవి మరీ చిరాగ్గా ఉంటాయి. మంద కదిలేదాకా వెనక్కి జరిగి నిలబడండి. తప్పదనుకుంటే వ్యానువాళ్లను అడిగి, వాళ్ల బండి మందకూ మీకూ మధ్య ఉండేలా దాని పక్కనే నడుచుకుంటూ దాటండి.

ఎలుగుల విషయంలో కార్లవాళ్లకు లేని రెండు కష్టాలు సైకిలువాళ్లకున్నాయి. చప్పుడు లేకుండా వేగంగా వస్తాం, తిండిని తాళం వేసి దాచుకునే పెట్టె మన దగ్గర ఉండదు. 2016 జూన్‌లో గ్లేసియర్ పక్క అడవిలో, కాలిబాట మలుపులో వేగంగా వచ్చిన సైకిలు గ్రిజ్లీ ఎలుగును ఢీకొంది, ఆ మనిషి బతకలేదు. మలుపుల్లో, పొదల మధ్య, వాగు హోరు పక్కన వేగం తగ్గించి గట్టిగా మాట్లాడుతూ పోండి. గంట మోత చాలదు, మనిషి గొంతు వినిపించాలి. ఎలుగు మీదికి వస్తే చల్లే ఘాటు మందు, బేర్ స్ప్రే, కనీసం 225 గ్రాముల డబ్బా కొనండి. దాన్ని సంచిలో కాదు, నడుముకు కట్టుకోండి. సైకిలుకు బిగిస్తే పడిపోయినప్పుడు సైకిలు ఒకచోట, మీరొకచోట ఉంటారు. విమానంలో చేతిసంచిలోనూ లగేజీలోనూ దాన్ని తీసుకెళ్లనివ్వరు, స్టవ్వు గ్యాసు డబ్బాదీ అదే సంగతి. రెండూ దిగిన ఊళ్లోనే కొనాలి.

2021 జూలైలో మోంటానాలోని ఒవాండో అనే చిన్న ఊళ్లో, ఊళ్లోనే గుడారం వేసుకున్న సైకిలు యాత్రికురాలిని గ్రిజ్లీ చంపింది. అది ఒకసారి వచ్చి వెళ్లి, సుమారు గంట తర్వాత మళ్లీ వచ్చింది. గ్లేసియర్, ఎల్లోస్టోన్ మధ్య తొక్కేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఊరి మధ్యలో ఉన్నాం కదా అని తిండి గుడారంలో పెట్టుకోవద్దు. ఎలుగు ఒకసారి వచ్చిందంటే ఆ రాత్రి ఆ గుడారంలో పడుకోవద్దు, గోడలున్న చోటికి మారిపోండి.

క్యాంప్‌గ్రౌండ్లలో ఇనుప తిండి పెట్టెలు ఉంటాయి. వాటిలోకి వెళ్లాల్సింది తిండి ఒక్కటే కాదు. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది, వంటగిన్నెలు, చెత్త, తిండి మోసిన సంచి, అన్నీ పెట్టాలి. అందరూ మరిచేది ఎలక్ట్రోలైట్ పొడి కలిపిన నీళ్ల సీసా. అది సైకిలుకే వేలాడుతుంటుంది, సైకిలేమో గుడారానికి ఆనించి ఉంటుంది. ఆ సీసా కూడా పెట్టెలోకే పోవాలి. మామూలు నీళ్లకు వేరే సీసా ఉంచుకోండి. పెట్టె లేనిచోట పడుకోవాల్సి వస్తే ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో (బేర్ క్యానిస్టర్) పెట్టి గుడారానికి వంద మీటర్ల దూరంలో ఉంచండి.

గ్లేసియర్, ఎల్లోస్టోన్‌లలో చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నడిచి, సైకిలు మీద వచ్చేవాళ్లకని విడిగా చోట్లు ఉంచుతారు. మనిషికింత అని కొద్ది డాలర్లే తీసుకుంటారు, నలుగురితో పంచుకోవాలి. కార్లో వచ్చి సైకిలు దింపితే చెల్లదు. బోర్డు మీద నిండిపోయిందని రాసి ఉన్నా వెనక్కి తిరగొద్దు, గేటు దగ్గర ఈ చోట్ల గురించే అడగండి. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంపులో మాత్రం ఎలుగుల వల్ల గుడారాలు ఒప్పుకోరు. రాత్రికి అక్కడ ఆగుదామని లెక్క వేసుకుంటే చీకటిపడే వేళ ఇంకా ముందుకు తొక్కాల్సి వస్తుంది.

టీటన్‌లో బండ్ల విషయంలో అంత జాగ్రత్త అక్కర్లేదు. జాక్సన్ ఊరి నుంచి మూస్ మీదుగా జెన్నీ లేక్ దాకా కార్లు రాని తారు బాట ఉంది, ఎడమ పక్కన కొండలు నిలువునా లేస్తాయి. ఎల్లోస్టోన్ వైపు నుంచి దిగేవాళ్లకు యాత్ర చివర ఇది పెద్ద ఊరట. అక్కడా బేర్ స్ప్రే నడుముకు ఉండాల్సిందే.

టికెట్టు లెక్క కాస్త చూసుకోవాలి. ఈ మూడు పార్కుల్లోనూ సైకిలు మీద వచ్చినవాళ్లకు ఏడు రోజులకు మనిషికి 20 డాలర్లు. మూడు పార్కులూ ఒక్కోసారే చూస్తే 60. మధ్యలో ఏడు రోజులు దాటినా, ఇంకో పార్కు కలిసినా 80 డాలర్ల వార్షిక పాస్‌తో సమానం, రెండూ జరిగితే పాస్ లాభం. అయితే 2026 నుంచి ఆ ధర అమెరికా నివాసులకే. విదేశీ సందర్శకులకు వార్షిక పాస్ 250 డాలర్లు. అది లేకపోతే ఈ మూడింటితో సహా 11 పార్కుల్లో పదహారేళ్లు నిండిన ప్రతి మనిషికీ గేటు రుసుము మీద ఇంకో 100 డాలర్లు కలుస్తాయి. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్తుంటే పాస్ కొనడమే నయం.

దారి మార్చి యూటా వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అక్కడి జయాన్ పార్కులో మౌంట్ కార్మెల్ సొరంగంలో సైకిళ్లను రానివ్వరు. 1.1 మైళ్ల చీకటి అది. ట్రక్కువాళ్లనెవరినైనా అడిగి సైకిలు ఎక్కించుకుని దాటాలి, దానికి సమయం ముందే కేటాయించుకోండి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద మంచు తీసి మొత్తం తెరిచేసరికి మామూలుగా జూన్ చివరో జూలై మొదలో అవుతుంది. అంతకు ముందు మే, జూన్‌లలో కార్లకు మూసిన ముక్కలో సైకిళ్లను అనుమతిస్తారు. పాస్ దాటలేరు, కానీ కార్లే లేని ఆ రోడ్డు కోసం ప్రత్యేకంగా ఒకసారి వెళ్లినా తప్పు లేదు. ఎంత దూరం తెరిచారో పార్కు వెబ్‌సైటులో రోజూ చూసి వెళ్లండి, వారాంతాల్లో మంచు తీసేవాళ్లు పనిచేయరు కాబట్టి ఇంకాస్త పైదాకా పోనిస్తారు. మూడు పార్కులూ కలిపి తొక్కాలంటే జూలై మొదటి మూడు వారాలు నా ఎంపిక. ఆగస్టులో కార్చిచ్చుల పొగ మొదలవుతుంది. ఎయిర్‌నౌ వెబ్‌సైటులో గాలి నాణ్యత సూచీ 100 దాటితే మైళ్లు సగానికి తగ్గించండి, 150 దాటితే ఆ రోజు తొక్కొద్దు. ఎక్కుడులో ఊపిరి ఎంత తీస్తామో అంత పొగ లోపలికి పోతుంది, గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదు. లేబర్ డే తర్వాత వెళ్తే గ్లేసియర్ వేళల నిబంధన ఉండదు, రద్దీ సగానికి సగం పోయినట్టే ఉంటుంది. కానీ క్యాంప్‌గ్రౌండ్లు, దుకాణాలు ఒక్కొక్కటిగా మూసేస్తుంటారు, పాస్ మీద మంచు కురవొచ్చు. అప్పుడు వెళ్లేవాళ్లు రెండు రోజుల తిండి అదనంగా మోసుకుని, రేపటి మజిలీ తెరిచి ఉందో లేదో ఈ రోజే రేంజర్లను అడిగి కదలండి.